డబ్బా మాది, లోపలిది పరాయిది

ఇప్పటి పిల్లలకు టీవీకి వీపు ఉంటుందన్న సంగతే తెలియదు. క్యాలెండర్ తగిలించినట్టు గోడకు తగిలిస్తున్నారు, పాడైతే తీసి పారేస్తున్నారు. మా కాలంలో టీవీకి ముందు కన్నా వెనకే ఎక్కువ. ముందువైపు ఊరంతా కూర్చునేది, వెనకవైపు నేనొక్కణ్నే కూర్చునేవాణ్ని. ఉద్యోగమంతా అలా వెనకే గడిచింది కాబట్టి ఆనాటి సినిమాల్లో మాటలన్నీ నాకు వచ్చు, మొహాలు మాత్రం తెలియవు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చేసిన మంచి పనులు చెప్పి లాభం లేదు. అవి మీరూ చేస్తారు. నేను చేసిన ఒక తలతిక్క పని చెబుతాను. పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్లు కొందరు ఇంకా పోట్లాడగలిగే ఓపికతోనే ఉన్నారు.

నేను కరీంనగర్‌లో ఒక టీవీల కంపెనీ సర్వీసు సెంటర్లో మెకానిక్కుని. ఆ కంపెనీ యజమానిని మేమంతా పెద్దసారు అనేవాళ్లం. చొప్పదండి పక్కన పల్లెలో పుట్టి, కరీంనగర్‌లో రేడియోలు బాగుచేసే చిన్న కొట్టు పెట్టి, అక్కడి నుంచి హైదరాబాదులో టీవీ ఫ్యాక్టరీ దాకా వెళ్లిన మనిషి. ఆయన ఫోటో పేపర్లో పడితే మా బ్రాంచి మేనేజరు కత్తెరతో కత్తిరించి గోడకు అతికించేవాడు. గోడ నిండిపోయాక బాత్రూం తలుపు మీద కూడా అతికించాడు. తలుపు వేసుకున్న ప్రతిసారీ పెద్దసారు మా వంక చూస్తూ ఉండేవారు.

మా కలర్ టీవీకి ఒక జబ్బు ఉండేది. కరెంటు బాగున్నంతసేపు దాన్ని మించింది లేదు. ఓల్టేజీ పడిందా, బొమ్మ నాలుగు వైపుల నుంచీ ముడుచుకునేది. హైదరాబాదులో ఓల్టేజీ ఎందుకు పడుతుంది? మా పల్లెల్లో సంగతి వేరు. యాసంగి వరి, అంటే రెండో పంట వేసిన రోజుల్లో సాయంత్రం కరెంటు రాగానే ప్రతి బావి దగ్గరా మోటారు వేసేవాళ్లు. ఇళ్లల్లో బల్బులు చింతనిప్పుల్లా ఎర్రబడేవి. మా టీవీలో వార్తలు చదివే ఆయన చేతిరుమాలంత చోటులో సర్దుకుని చదివేవాడు. స్టెబిలైజర్ పెడితే అది కాసేపు టకటకా కొట్టుకుని చేతులెత్తేసేది.

జగిత్యాల నుంచి హుజూరాబాద్ దాకా ఎక్కడికి వెళ్లినా నాకు ఇవే తిట్లు. "పక్కింటోని టీవీల మనుషులు నిలవడి నడుస్తుండ్రు. మా టీవీల కూసుండి నడుస్తుండ్రేందివయా?" అని ఒక రైతు నన్ను గల్లా పట్టుకుని అడిగాడు. పక్కింటి టీవీ వేరే కంపెనీది. వాళ్లు అప్పటికే కొత్తరకం పవర్ సప్లై పెట్టారు. ఓల్టేజీ ఎంత పడ్డా అది ఖాతరు చేసేది కాదు. నేను ప్రతి నెలా ఈ సంగతి కాగితం మీద రాసి మేనేజరుకిచ్చేవాణ్ని. పెద్దల మనసు కష్టపెట్టకూడదని ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు.

ఆ యాసంగిలోనే పెద్దసారుకు జబ్బు చేసింది. గుండె వాచిందన్నారు, కాళ్లకు నీరు దిగిందన్నారు. బొంబాయి దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చారు. ఇక మందులు వేయడం తప్ప చేసేదేమీ లేదని డాక్టర్లు తేల్చేశాక, ఆస్పత్రి వాసన తనవల్ల కాదని, అక్క దగ్గరికి పోతానని ఆయన మొండికేశారు. ఆ అక్క చొప్పదండి పక్కన వాళ్లు పుట్టిన ఊళ్లోనే ఉండేది. ఊరంతా ఆమెను పెద్దవ్వ అనేది, నేనూ అలాగే పిలిచాను. తమ్ముడు దేశమంతా టీవీలమ్మినా ఆమె ఇంట్లో టీవీ లేదు. ఎందుకు లేదని అడిగితే, వాని మొహం నాకు తెల్వదా, టీవీల చూసుడెందుకు అనేదట.

పెద్దసారు వస్తున్నారంటే ఆ ఇంట్లో మా కొత్త కలర్ టీవీ ఉండాలి కదా. ముందురోజు నేనూ మేనేజరూ జీపులో వెళ్లి బిగించాం. మధ్యాహ్నం బొమ్మ కడిగిన అద్దంలా వచ్చింది. మేనేజరు కొబ్బరికాయ కొట్టాడు. సాయంత్రం ఊళ్లో మోటార్లు మొదలయ్యాయి. కొబ్బరి ముక్కలు పంచడం పూర్తయ్యేలోపే బొమ్మ ముడుచుకుంది.

మేనేజరు మొహం కూడా అంతే అయింది. కారణం లేకపోలేదు. హైదరాబాదు డాక్టరు మా అందరికీ గట్టిగా చెప్పి పంపాడు: ఆయనకు కోపం రాకూడదు, దిగులు కలగకూడదు, ఉలిక్కిపడే వార్త చెవిన పడకూడదు. తన టీవీ తను పుట్టిన ఊళ్లోనే ఇలా వణుకుతుంటే ఆయన గుండె ఏమవుతుంది? ఊరి వాళ్లందరి మోటార్లూ ఆపించడం కుదరదు, వరి ఎండిపోతుంది. టీవీ తీసుకుపోతే, ఏదని అడుగుతారు. అప్పుడు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. మేనేజరుకు వచ్చిందని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను కానీ, నిజానికి అది వచ్చింది నాకే.

మన డబ్బాలో ఆ వేరే కంపెనీ వాళ్ల సరుకు పెడితే ఎలా ఉంటుందని అడిగాను.

మేనేజరు అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, వాళ్ల టీవీ తమ ఇంట్లోనే ఉందని చెప్పాడు. అత్తగారు పండక్కి పెట్టారట, కాదనలేకపోయాడట. దాని మీద పువ్వులు కుట్టిన గుడ్డ కప్పి, ఆఫీసు వాళ్లు ఎవరొచ్చినా దాన్ని కుట్టుమిషన్ అని చెబుతున్నాడట. నేను వాళ్లింటికి నాలుగైదుసార్లు వెళ్లాను. ఆ కుట్టుమిషన్ పక్కనే కూర్చుని చాయ్ తాగాను.

రాత్రికి రాత్రే కానిచ్చాం. పిక్చర్ ట్యూబుతో సహా లోపలిదంతా పీకి మా డబ్బాలో కూర్చోబెట్టాను. ట్యూబు చుట్టూ మిగిలిన సందులో నల్ల అట్టముక్కలు దోపాను. మా బ్రైట్‌నెస్ బటన్ ఎక్కడా కలవలేదు, అందుకని దాన్ని ఉత్తదాన్నే ముందువైపు అంటించాను, అసలుది వెనకే ఉండిపోయింది. మేనేజరు ఇంట్లో గుడ్డ కింద ఇప్పుడు ఖాళీ డబ్బా మిగిలింది. ఆయన భార్య ఆయనతో మాట్లాడటం మానేసింది.

మర్నాడు పెద్దసారు వచ్చారు. నేను ఫోటోల్లో చూసిన మనిషిలో సగం ఉన్నారు. కాళ్లు మాత్రం లావుగా వాచి ఉన్నాయి. కారు దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని, మొదట అక్కను కాదు, టీవీని చూశారు. అక్క అది కనిపెట్టి, అంబలి గిన్నె ఆయన మొహానికీ టీవీకీ మధ్య పెట్టి, తాగితేనే చూడనిస్తానంది.

టీవీని కనిపెట్టుకుని ఉండమని నన్ను అక్కడే ఉంచేశారు. నెల పైనే ఆ ఇంటి వసారాలో పడుకున్నాను, పెద్దవ్వ మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గటక తిన్నాను, సాయంత్రాలు పెద్దసారు మంచం పక్కన కూర్చున్నాను. ఆయన పాత రోజులు చెప్పేవారు. కరెంటు లేని ఊళ్లకు సైకిల్ మీద వెళ్లి, టంకం వేసే కడ్డీని బొగ్గుల మీద కాల్చుకుని రేడియోలు బాగుచేశారట. మధ్యలో ఎప్పుడైనా, వెలుగు జర పెంచు అనేవారు. నేను ఒక చేత్తో ముందున్న ఉత్త బటన్‌ను తిప్పుతూ, రెండో చెయ్యి వెనక్కి పెట్టి అసలు బటన్‌ను వెతికేవాణ్ని. చూసేవాళ్లకు నేను టీవీని కౌగిలించుకున్నట్టుండేది. టీవీ మీద ఇంత ప్రేమ ఉన్న మెకానిక్కును తనెప్పుడూ చూడలేదని పెద్దసారు అక్కతో అన్నారు. పెద్దవ్వ నన్ను ఎగాదిగా చూసి, పెండ్లి కాలేదేమోనంది.

ఆదివారం సాయంత్రం సినిమాకు ఊరంతా వచ్చేది. మేనేజరు భార్య కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చింది. పెద్దసారును పలకరించి పోదామని వచ్చామంది. పలకరింపు రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత మూడు గంటలు ఆమె తన టీవీ ముందు కూర్చుని సినిమా చూసి, వెళ్లేటప్పుడు చీర కొంగుతో దాని మీద దుమ్ము తుడిచి మరీ వెళ్లింది. ఎంత సంస్కారమున్న మనిషి అని పెద్దసారు మెచ్చుకున్నారు.

ఇంతవరకూ నవ్వులాటే. మోటార్లు వేసిన సాయంత్రం బొమ్మ చెక్కుచెదరకుండా నిలబడితే పెద్దసారు మొహం వెలిగిపోయేది. మందులతో రాని రంగు ఆ మొహంలోకి వచ్చేది. డాక్టరు కూడా ఏం చేస్తున్నారో అదే చేయమన్నాడు. నేను గొప్ప వైద్యం చేస్తున్నానని లోలోపల మురిసిపోయాను.

అప్పుడు హైదరాబాదు నుంచి మా చీఫ్ ఇంజనీరు వచ్చాడు. ఆయన చేతిలో ఒక ఫైలు ఉంది. ఓల్టేజీ తట్టుకునే కొత్త పవర్ సప్లై మన టీవీల్లోనూ పెట్టాలని, దానికి ఫ్యాక్టరీలో సగం పని మార్చాలని, పెద్దసారు ఒప్పుకుంటేనే అది జరుగుతుందని ఆ ఫైలు సారాంశం. రెండేళ్లుగా ఇంజనీరు దాని మీదే పనిచేస్తున్నాడు. పెద్దసారు ఫైలు తెరవలేదు. సాయంత్రం దాకా ఉండమని, మోటార్లు మొదలయ్యాక టీవీ వేయించారు.

"సూడు," అన్నారు ఇంజనీరుతో. "ఊర్ల అన్ని మోటర్లు నడుస్తున్నయి. బొమ్మ జరంత కదిలిందా? దీనికి కొత్తది ఎందుకు పెట్టాలె? గిదే మాల్ ఇంక పదింతలు చెయ్యుండ్రి. ఊరూరికి పంపుండ్రి. సోమారం కాయితాలు తీసుకరా, సంతకం పెడుత. నేను పొయ్యేలోపట గీ ఒక్క పని అయిపోవాలె."

ఇంజనీరు టీవీని చూశాడు. తను తయారుచేసిన యంత్రం తను చేయలేని పని చేస్తుంటే ఎవరైనా ఎలా చూస్తారో అలా చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను నేలను చూశాను. ఆ మనిషికి అంతా అర్థమైపోయింది, కానీ డాక్టరు మాట ఆయన చెవిలోనూ ఉంది. ఫైలు చంకలో పెట్టుకుని, మంచిది సార్ అని కారెక్కాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సోమవారం ఆయన సంతకం పెడితే ముడుచుకునే టీవీలు వేలకొద్దీ పల్లెలకు వస్తాయి. నన్ను గల్లా పట్టుకున్న రైతులాంటి వాళ్లు ఊరికి పదిమంది తయారవుతారు. వాళ్లు తిట్టేది నన్ను కాదు, అప్పటికి ఉండని పెద్దసారును. బొగ్గుల మీద కడ్డీ కాల్చుకుని పైకొచ్చిన మనిషి ఆఖరి సంతకం అలా పోతుంది. అది నా అట్టముక్కల వల్ల పోతుంది. చెబుదామా అంటే గుండె. మేనేజరును అడిగితే, సారుకు ఏమైనా అయితే పూచీ నీదేనని చేతులు దులుపుకున్నాడు.

ఇక నాకు రెండో మహత్తరమైన ఆలోచన వచ్చింది. నేను చెప్పనక్కర్లేదు, టీవీయే చెడిపోతే సరి. ఓల్టేజీ ఇంకా ఇంకా పడేస్తే ఎంత పరాయి సరుకైనా ఎక్కడో ఒక దగ్గర లొంగకపోదు. బొమ్మ ఒక్కసారి వణికితే చాలు, పెద్దసారే ఫైలు అడుగుతారు.

ఆదివారం సినిమా వేళకు ఆ ఊళ్లో ఎవరూ మోటారు వేసేవారు కాదు. ఎవరూ చెప్పకపోయినా ఊరంతా పాటించే కట్టుబాటు అది. నేను పెద్దవ్వ పొలం పనులు చూసే జీతగాణ్ని వెంటబెట్టుకుని బావి బావికీ తిరిగి, సినిమా సగంలో ఉండగా మోటార్లన్నీ ఒక్కసారి వేయమని బతిమాలాను. జీతగాడు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. "సిన్మ నడుమల మోటరేస్తె ఊరోల్లు నిన్ను బాయిల ఏస్తరు, పక్కకు నిలవడ్డందుకు నన్ను గూడ ఏస్తరు," అన్నాడు. చివరికి పెద్దసారు తన టీవీని పరీక్ష చేస్తున్నారని అబద్ధమాడాను. ఆయన పేరు చెప్పగానే అందరూ సరేనన్నారు. పక్క ఊరి నుంచి కూడా ఇద్దరు వేస్తామన్నారు.

ఆ సాయంత్రం ఇల్లు, వాకిలి, గోడల మీద కూడా జనం. పెద్దసారు దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే టీవీ వెనక. సినిమాలో పెళ్లి జరుగుతుండగా మోటార్లు మొదలయ్యాయి. ముందు పంకా నెమ్మదించింది, రెక్కలు లెక్కపెట్టేలా తిరిగి ఆగిపోయింది. బల్బు పసుపు నుంచి ఎరుపుకు దిగింది. చివరికి లోపలి తీగ మాత్రమే ఎర్రగా, దారపు పోగంత కనిపించింది. ఇల్లంతా చీకటి.

ఆ చీకట్లో టీవీ పెళ్లిపందిరిలా వెలుగుతోంది. తాళి కట్టే చేతి వేళ్లకున్న ఉంగరాలు కూడా కనిపిస్తున్నాయని జనం మెచ్చుకుంటుంటే నాకు వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. నా జన్మలో ఒక యంత్రం చెడిపోవాలని మొక్కుకున్నది అదొక్కసారే, అది కూడా ఫలించలేదు.

పెద్దసారు గర్వంగా, "సూసిండ్రా," అని జనం వైపు తిరిగారు. అలా తిరుగుతూ తల పైకెత్తారు. బల్బును చూశారు. టీవీని చూశారు. మళ్లీ బల్బును చూశారు. నేను వెనక నుంచి ఆయన మొహాన్నే చూస్తున్నాను. యజమాని కాకముందు ఆయన మెకానిక్కు. ఆ మొహంలోంచి యజమాని మెల్లగా దిగిపోయి మెకానిక్కు వచ్చి కూర్చోవడం నాకు కనిపించింది.

జనం వెళ్లాక, మోటార్లు ఆగి బల్బు మళ్లీ వెలిగాక, నన్ను పిలిచి స్క్రూడ్రైవర్ అడిగారు. వద్దు సార్ అన్నాను. చెయ్యి చాచే ఉంచారు. ఇచ్చాను. పెద్దవ్వ ఒక రెక్క, నేనో రెక్క పట్టుకుని ఆయన్ను టీవీ వెనకకు తెచ్చి పీట మీద కూర్చోబెట్టాం. ఆయనే స్క్రూలు విప్పారు. ఒక్క స్క్రూ కూడా కింద పడనివ్వలేదు. మూత తీశారు. లోపల వేరే కంపెనీ గుర్తు ఎర్రటి అక్షరాల్లో ఉంది, చుట్టూ నా అట్టముక్కలు.

"ఇరవై దినాల నుంచి ముద్దు చెయ్యవట్టిన," అన్నారు నెమ్మదిగా. "ఎవ్వలిదిరా ఇది?"

మేనేజరు ఇంట్లోది సార్ అన్నాను. అత్తగారు పెట్టారని, కుట్టుమిషన్ అని చెబుతారని, ఆమె కొంగుతో తుడిచింది అందుకేనని, భయంలో ఒకదాని వెనక ఒకటి అన్నీ చెప్పేశాను. ఆయన భుజాలు కదలడం మొదలైంది. గుండెపోటు అనుకుని నేను డాక్టరు కోసం పరుగెత్తబోయాను. ఆయన నవ్వుతున్నారు. ఊపిరందక టీవీ డబ్బా పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వారు. పెద్దవ్వ వీపు రాస్తూ నా మీద కేకలేసింది.

"రోగంతోని ఉన్నోన్ని నవ్విచ్చి సంపుతవా ఏందిరా?"

నవ్వు ఆగింది. నీళ్లు తాగారు. తర్వాత అసలు ప్రశ్న అడిగారు. మన టీవీల్లో బొమ్మ ముడుచుకుంటుందని ఎన్నాళ్ల నుంచి తెలుసన్నారు. మొదటి నుంచీ తెలుసని, ప్రతి నెలా రాశానని చెప్పాను.

"కాయితం మీద రాసినవ్, బీరువల పెట్టిండ్రు. అది వాల్ల తప్పు. నువ్వు గీ మంచం పక్కకు ఇరవై దినాలు కూసున్నవ్. నోటితోని ఎందుకు చెప్పకపోతివి?"

"మీకు బాధైతదని సార్."

"బాధ నాది. దాసిపెట్టనీకి నువ్వెవ్వనివిరా? అందరు గలిసి నన్ను పానముండంగనే మన్నుల పెట్టిండ్రు గదరా."

పిల్లలూ, నా సర్వీసులో నన్ను చాలామంది తిట్టారు. గల్లా పట్టుకున్నారు, ఒకావిడ పొరక కూడా ఎత్తింది. అవేవీ నాకు తగల్లేదు. ఈ మాట తగిలింది. ఆయన అరవలేదు కూడా. నేను దయ చూపిస్తున్నాననుకుని ఆయన్ను లెక్కలోంచి తీసేశాను. అది నాకు ఆ పీట ముందు నిలబడ్డాకే అర్థమైంది, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

సోమవారం ఇంజనీరు పాత మాల్ కాగితాలు తెచ్చాడు. పెద్దసారు వాటిని పక్కనపెట్టి, మొన్న చంకలో పెట్టుకుని పోయినవే ఆ ఫైలేదని అడిగారు. ఇంజనీరు దాన్ని కూడా తెచ్చాడు, కారులో వదిలేశాడట. పరుగెత్తుకెళ్లి తెచ్చాడు. ఇద్దరూ ఆ పూటంతా కూర్చున్నారు. మేనేజరు ఇంటి సరుకును చాప మీద పెట్టించుకుని, పెన్సిల్‌తో ఒక్కొక్కటీ చూపిస్తూ, ఇక్కడ వాళ్లు చేసింది ఇది, మనం ఇంతకన్నా తక్కువలో చేయొచ్చని పెద్దసారు చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఆయాసపడ్డారు. పెద్దవ్వ ఆయన చేతిలో పెన్సిల్ గుంజుకుంది, ఆయన మళ్లీ గుంజుకున్నారు. సాయంత్రానికి సంతకం పెట్టారు. చేయి నిలకడగా ఉంది. నన్నుగానీ, మేనేజరునుగానీ ఉద్యోగంలోంచి తీయలేదు. మేనేజరును పిలిచి, టీవీ ఇంటికి తీసుకుపోయి మీ ఇంటామెకు క్షమాపణ చెప్పమని మాత్రం అన్నారు.

తర్వాత నాతో, మనది తెచ్చి డబ్బాలో పెట్టమన్నారు. బొమ్మ ముడుచుకుంటది సార్ అన్నాను.

"తెలుసు. ఇగ మనదే చూస్త."

పెట్టాను. ఆ సాయంత్రం మోటార్లు మొదలయ్యాయి, బొమ్మ బుద్ధిగా ముడుచుకుంది. పెద్దసారు కళ్లజోడు సవరించుకుని, దగ్గరికి జరిపించుకుని చూశారు. వార్తలాయన జేబులో పట్టేలా ఉన్నాడని జీతగాణ్ని పిలిచి చూపించారు. మంచిదాన్ని తీసి ఈ ముసలిదాన్ని ఎందుకు పెట్టావని పెద్దవ్వ నాతో గొడవ పడింది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆ ఇంట్లో టీవీ వెనక కూర్చోలేదు. ఆయన పక్కన కూర్చుని, ఎప్పుడు ఎంత ముడుచుకుంటోందో స్కేలుతో కొలిచి చెప్పేవాణ్ని. ఆయన రాయించుకునేవారు. చిత్రంగా ఆ రోజుల్లోనే ఆయన మనసు తేలిగ్గా ఉండేది. కాళ్ల వాపు మాత్రం పైకి పాకుతూనే ఉంది.

రెండు వారాలు గడిచాక ఒక ఉదయం, అక్క చేతి అంబలి రెండు గుక్కలు తాగి, చాలని గిన్నె పక్కకు జరిపి, దిండు మీద తల వాల్చారు. అంతే. పెద్దవ్వ మిగిలిన అంబలి తాగమని ఇంకా చెబుతూనే ఉంది. నేను మంచం ఇవతల ఉన్నాను. ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ దాయకూడదని ఆయనే చెప్పారు కదా. దగ్గరికి వెళ్లి, "సారు పోయిండు పెద్దవ్వా," అన్నాను. ఆమె గిన్నె కింద పెట్టి, ఆయన మూతికంటిన అంబలిని కొంగుతో తుడిచింది. నేను ఏడ్చాను. మా బాపు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

హైదరాబాదు నుంచి కార్లు వచ్చాయి, దండలు వచ్చాయి, చొప్పదండి రోడ్డు నిండిపోయింది. మా మేనేజరు పేపరు వాళ్ల ముందు నిలబడి, పెద్దసారు ఆఖరి శ్వాస వరకూ మా టీవీనే చూశారని గద్గదంగా చెప్పాడు. ఆయన నోటి నుంచి నిజం రావడం నేను వినడం అదే మొదలు. ఆ ఫోటో కూడా కత్తిరించి అతికించాడు, ఈసారి తన టేబుల్ అద్దం కింద.

ఫ్యాక్టరీలో పనంతా మారి కొత్త టీవీ బయటికి రావడానికి ఏడాది పట్టింది. మా సెంటరుకు వచ్చిన మొదటి దాన్ని నేను అడిగి తీసుకుని పెద్దవ్వ ఇంటికి పట్టుకెళ్లాను. మళ్లీ యాసంగి. పెద్దవ్వ కాస్త వంగిపోయింది, నోరు మాత్రం అలాగే ఉంది. పాతదాన్ని దించి కొత్తది బిగించాను. ఇద్దరం చెరో పీట మీద కూర్చుని మోటార్ల కోసం ఎదురుచూశాం. అవి మొదలయ్యాయి. బల్బు ఎర్రబడింది, పంకా ఆగింది. బొమ్మ అంగుళం కూడా కదలకుండా నిండుగా నిలబడింది.

నేను పెద్దవ్వ మొహం వైపు చూశాను. ఆమె సంతోషపడలేదు. కళ్లు చికిలించి నన్నే చూస్తోంది.

"ఈపారి ఎవ్వలిది పెట్టి తెచ్చినవ్?"

"మీ తమ్మునిదే పెద్దవ్వా."

"అయితే మూత తియ్యి."

టీవీ ఆపి మూత తీశాను. ఆమెకు చదువు రాదు. నేను లోపల మా కంపెనీ గుర్తు మీద వేలు పెట్టి, ఇదిగో అన్నాను. పీట దగ్గరికి జరుపుకుని, ఆ తీగల మధ్యకు చాలాసేపు చూసింది. తర్వాత మూత పెట్టమంది. నేను స్క్రూలు బిగించాక తన పీట ముందువైపుకు ఈడ్చుకెళ్లి కూర్చుంది.

"ఇగ పెట్టు," అంది. "నా తమ్మున్ని సూస్త."